నత్తల బాకీ

విన్నిపెగ్‌లో ఫిబ్రవరి. బయట మైనస్ ముప్పై రెండు.
మా నేలమాళిగలో మాత్రం
ఇరవై ఆరు డిగ్రీల నీళ్ళు
ఎప్పుడూ ఒకే మధ్యాహ్నంలో ఉంటాయి.

ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సుల కింద పడుకున్నవాణ్ణి,
ఒరెస్ట్ హ్నాత్యుక్‌ని.
గ్రీజు వదిలాక చేతులకు ఉప్పునీళ్ళు పట్టుకున్నాయి.
పగడాలు కొన్నాను. దీపాలు కొన్నాను.
కొనకుండా వచ్చింది పాచి.
గాజు మీద, రాళ్ళ మీద, పంపు మూతి మీద,
తోమిన చోటే మళ్ళీ.

మూడు ట్రోకస్ నత్తల్ని తెచ్చాను.
నత్తనడక అని ఎవరన్నారో గాని
పొద్దుటికి గాజు మీద వంకర్లు తిరిగిన దారి,
మంచు తోసే బండి తెల్లారేలోగా
మా వీధిని గీసిపోయినట్టు.

ఒక రాత్రి వాటిలో ఒకటి
రాతి కొసకెక్కి, నిక్కి, పొగ వదిలింది.
ఇంకోటి పచ్చని నలుసులు.
తొట్టి మొత్తం పలచని మజ్జిగ.
కంగారుగా ఎర్లిండాకి ఫోన్ చేశాను.
బొహోల్ దీవిలో పుట్టిన నర్సు,
నాకంటే ముందే ఈ పిచ్చి పట్టిన మనిషి.
"ఏమీ ముట్టుకోకు. ఫిల్టరు ఆపు. లైటు ఆర్పు.
పెళ్ళివారిని చూస్తూ నిలబడకు" అంది.

ఆపాను. ఆర్పాను. నిలబడ్డాను.

వారాలు గడిచాయి. ఏమీ లేదు.
మరిచిపోయాక, పంపు విప్పి కడుగుతుంటే
వెనక గోడకు ఆవగింజలు.
చెత్తనుకుని గోటితో గీకబోతే
ఒక ఆవగింజ పక్కకు జరిగింది.
భూతద్దంలో గోపురం, ఎర్ర చారలతో సహా.
లెక్కపెట్టాను. రెండొందల పన్నెండు దగ్గర తప్పిపోయాను.

అన్నిటికీ సరిపడా పాచి నా దగ్గర లేదు!
అందుకని పంచాను.
చేతికి ఎముక లేదంటారు దాతను,
వీటికైతే ఒంట్లోనే లేదు.
థర్మాస్‌లో గోరువెచ్చటి ఉప్పునీళ్ళు,
థర్మాస్ కోటు లోపల, కోటు బస్సులో.
నేను బాగుచేసిన బస్సే కాబోలు,
ఎడమ చక్రం దగ్గర ఇంకా అదే మూలుగు.
బేకరీ టెక్లేకి ఇరవై.
వయొలిన్ నేర్పే సోల్వేగ్‌కి పది.
డబ్బొద్దు. ఒకటే షరతు:
మీ దగ్గర పెరిగితే, లేనివాడికి పది ఇవ్వాలి.

ఎర్లిండా ఒకదాన్ని అరచేతిలో తిప్పి చూసి నవ్వింది.
"మా అమ్మ వీటిని ఉడకబెట్టి, సూదితో లాగి,
వెనిగర్‌లో ముంచి పెట్టేది.
చిప్పలు గుండీల వాళ్ళు కొనుక్కుపోయేవాళ్ళు."
పాత బట్టల అంగట్లో కొన్న కోటు నాది.
పై గుండీ ముత్యంలా మెరుస్తోంది.
ఎందుకో థర్మాస్‌ని కాస్త అటు తిప్పాను.

మరుసటి జనవరిలో కరెంటు పోయింది.
పందొమ్మిది గంటలు.
తొట్టికి దుప్పట్లు కప్పాను.
వేణ్ణీళ్ళ సీసాలు వేలాడదీశాను.
థర్మామీటరు దిగింది, ఇంకా దిగింది.
పగడాలు జిగురై జారాయి.
నత్తలు ఒక్కొక్కటీ పట్టు వదిలి ఇసుకలోకి.
ఆ చప్పుడు గాజు ఇవతలికి వినపడదు.
నాకు వినపడింది.

ఎవరికీ చెప్పలేదు. ఎర్లిండా చెప్పి ఉంటుంది.
మళ్ళీ వెచ్చబెట్టిన నీళ్ళలోకి
పాచి ఒక్కటే వచ్చింది, పిలవకుండా.

మార్చిలో తలుపు చప్పుడు.
సోల్వేగ్ కాదు, టెక్లే కాదు,
ముక్కు ఎర్రబడ్డ అమ్మాయి, ఎరగని ముఖం.
కోటు లోపల్నించి జామ్ సీసా తీసింది.
"షరతు ఉందట కదా. పది.
మీ పేరు ఎవరూ చెప్పలేదు.
నత్తలు పోయినాయన అన్నారంతే."

లెక్కపెట్టాను. పదకొండు.
ఒకటెక్కువుంది అన్నాను.
సీసా ఎత్తి వెలుతురుకి పెట్టింది.
మూత అంచున ఒక ఆవగింజ, నడుస్తూ.
"అది నా లెక్కలోది కాదు" అంది.

బూట్లు ఇక్కడే విప్పనా అని అడిగింది.