ఎడమకాలు

డాక్టరు గారు ఫిల్ముని లైటుకి ఎత్తి చూసి
"బ్రహ్మాండంగా అతుక్కుంది, ఇంక దూకొచ్చు" అన్నారు.
భీమవరం నుంచి నరసాపురం, అక్కణ్ణించి రేవు.
పంటు సఖినేటిపల్లి ఒడ్డుకి ఆనింది.
ఇనప తలుపు దబ్బున వాలింది.
తలుపుకీ గట్టుకీ మధ్య జానెడు నీళ్ళు.
మోటారుసైకిళ్ళు దాటాయి,
చేపల గంపతో ఓ ముసలావిడ దాటింది,
మేకపిల్ల దాటింది.
నేను
ఏ కాలు ముందెయ్యాలో తెలీక నిలబడ్డాను.

రెండేళ్ళ కిందట తణుకులో, ఫ్లడ్‌లైట్ల కింద
మైకాయన గొంతు చించుకున్నాడు:
"కూతకొస్తోంది రాజోలు రూతు!"
బోనస్ గీత అవతల బొటనవేలు ఆనించి
ఎడమకి తిరిగాను.
పాదం మ్యాట్‌ని పట్టుకుని ఉండిపోయింది.
నేను మాత్రం తిరిగాను.
లోపల పచ్చి కొబ్బరిమట్ట విరిగినంత చప్పుడు.
నొప్పి తర్వాతొచ్చింది.
ముందు కూత ఆగింది.
కిందపడ్డా, మీద అయిదుగురు పడ్డా
గీత అందేదాకా ఆపకూడదని
ఏసుపాదం మాస్టారు నేర్పిన కూత.

తొడ వెనక నరం తీసి మోకాల్లో కుట్టారు.
ఆర్నెల్లు గోడ పట్టుకు నడిచాను.
ఇసక మూట కట్టి వందేసిసార్లు ఎత్తాను.
కాలు నా మాట వింది.
విననిది ఇంకోటుంది. పేరు తెలీదు.
దానికి ఇసక మూట ఎక్కడ కట్టాలో ఎవరూ చెప్పలేదు.

తెల్లారగట్ల నిద్రలో కూత పెడుతున్నానంట.
ఊపిరి తియ్యట్లేదని భయపడి
చెల్లి తట్టి లేపుతుంది.

నా ఏడో నంబరు చొక్కా కేజియా వేసుకుంది.
మంచి పిల్ల. ఆస్పత్రికి బత్తాయిలు తెచ్చింది.
పాలకొల్లు మ్యాచిలో తనని పట్టి పడేసినప్పుడు
నా చేతులు చప్పట్లకి లేచాయి.
వాటిని లాక్కొచ్చి
మోకాలి కింద దాచుకున్నాను.
ఇది ఎవరికీ చెప్పలేదు.
ప్రార్థనలో కూడా.

నాన్న కొబ్బరి దింపు.
నా చిన్నప్పుడు, రాజుగారి తోటలో
కాలవగట్టు చెట్టు మీంచి జారి
మూడు పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు.
నలభయ్యో రోజున మోకూ బందం భుజానేసుకుని
మళ్ళీ వెళ్ళాడు.
గుండెగలోడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.
ఈ సాయంత్రం, నేనేమీ అడక్కుండానే,
కత్తి నూరుకుంటూ, నావైపు చూడకుండా అన్నాడు:
"ఆ చెట్టు మాత్రం మళ్ళీ ఎక్కలేదమ్మాయ్.
పదమూడేళ్ళయింది.
దానికి కాపు లేదని రాజుగారికి చెప్పేశాను.
కాయలు రాలి కాలవలో కొట్టుకుపోతాయి.
వంతెన కాడ పిల్లలు ఏరుకుంటారు."

నవ్వొచ్చింది.
కాసేపటికి, నవ్వు కాదది.

చీకటి పడ్డాక
పీచు ఆరబెట్టే దొడ్లో పుల్లతో గీత గీశాను.
బాతులు తప్ప ఎవరూ లేరు.
గుండెల్నిండా పీల్చి కూత అందుకున్నాను.
గీతదాకా వెళ్ళాను.
తిరిగి వచ్చేశాను.
కుడికి. మళ్ళీ కుడికే.

నాన్న అరుగు మీంచి లేచాడు.
ఏమీ అనలేదు.
ఫోను లైటు వేసి
గీతకి ఎడమ పక్కన పట్టుకున్నాడు, చెయ్యి వణక్కుండా.
వెలుతురుకి బెదిరి
ముందు బాతులు దాటాయి.