ఏం లేదయ్యా

పదకొండేళ్లు
తెల్లారి ఐదుకి నా ఫోను మోగేది.
చాకిచెర్ల రొయ్యల చెరువుల గట్టు మీంచి మాలకొండయ్య.
"ఏం లేదయ్యా, బాగానే ఉండాది."
కందుకూరులో ఏసీ కింద నేను
దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకునేవాణ్ణి.

పదకొండేళ్లూ అవే నాలుగు మాటలు.
జీతం సంగతి రెండుసార్లు ఎత్తాడు.
"చూద్దాంలే" అన్నాను.
మూడోసారి ఎత్తబోతుంటే
"నువ్వు మా ఇంటి మనిషివి కదరా" అన్నాను.
మిగిలిన మాట నోట్లోనే ఉంచుకుని
టార్చిలో బ్యాటరీలు మార్చుకుంటూ వెళ్లాడు.

ఇంటి మనిషంటే
జీతం పెంచక్కర్లేని మనిషని
మా నాన్న దగ్గర నేర్చుకున్నాను,
ఉప్పు కొటార్ల కాలంలో.

పోయినేడు ఒంగోలు నుంచి
డిప్లొమా కుర్రాణ్ణి తెచ్చాను, తేజేశ్వర్.
మేనకోడలి పెళ్లని మాలకొండయ్య రెండు రోజులు లేడు.
రెండో రాత్రి
మూడో చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయి.
రొయ్యలు పైకి తేలి గిలగిల.
నాకు ఫోను, అరుపులు, కారు,
పక్క రైతుల జనరేటర్లు, ట్రాక్టర్ల లైట్లు,
మొలలోతు నీళ్లలో కుర్రాడు,
చిరిగిన చొక్కా, ఎర్రబడ్డ కళ్లు.
సగం పంట దక్కింది.
కళ్లారా చూశాను గదా, కష్టమంటే అదీ!
చేతిలో పదివేలు పెట్టాను, బండి కొనిచ్చాను,
టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పాను.

మర్నాడు మాలకొండయ్య వచ్చి
స్టార్టర్ పెట్టె తెరిచి
కాలిన వైరు ముక్కని కాసేపు చూశాడు.
ఏమీ అనలేదు.
జేబులో వేసుకున్నాడు.

పట్టుబడి అయ్యి లెక్కలు తేలాక
తాళాలు, టార్చి, ఒక డైరీ
షెడ్డులో మేకుకి తగిలించి
రామాయపట్నం వైపు ఎవరి దగ్గరికో పోయాడు.
"అన్నం పెట్టిన చేతినే..." అని
కనపడినవాళ్లందరితో అన్నాను.
ఎవరు ఎవరికి పెట్టారన్న దగ్గర
నా మాట ఒకసారి తడబడింది.
ఎవరూ గమనించలేదు.

మేత కంపెనీ వాళ్లు ఊరికే పంచిన డైరీ.
తడిసి ఉబ్బిన కాగితాలు. వంకర అక్షరాలు.
"రేత్రి 2-10. బెల్టు తెగింది. ఏసినా."
"గాలి జాస్తి. నాలుగో చెరువు గట్టు కోస్తాంది. ముప్పై ఇసక మూటలు."
"స్టార్టర్ పెట్టెలో పాము. కొట్టలా, తోలినా."
"కరెంటు 11 నించి 4 దాకా లేదు. జనరేటరు వేడెక్కతాంది. పక్కనే కూకున్నా."
"జొరం. తిరిగినా."
ప్రతి రాత్రి కింద ఒక గీత,
గీత కింద ఒకటే ముక్క:
"అయ్యకి చెప్పినా, ఏం లేదని."

చెరువు గట్టు మీద షెడ్డులో పడుకున్న రోజుల్లో
ఏరేటరు చప్పుడుకి నాకు నిద్ర పట్టేది.
ఆగితే ఉలిక్కిపడి లేచేవాణ్ణి.
తిరిగేది నాకెప్పుడూ వినపడలేదు.

ఇప్పుడతని చోట ఇద్దరున్నారు.
ఇద్దరికీ కలిపి అతని జీతానికి రెండింతల పైమాటే.
అడిగిందిచ్చాను, బేరమాడలేదు.
కొత్తవాళ్లు, ఎప్పుడు పోతారో తెలీదు మరి.
వాళ్లలో మస్తాను కాస్త నెమ్మది,
రాత్రిళ్లు కునుకు తీయడంటారు.
మొన్న మాటల్లో అతనితో
"నువ్వు మా ఇంటి..." దాకా వచ్చి
దగ్గాను.

ఈ పొద్దు ఐదుకి ఫోను మోగింది.
"ఏం లేదు సార్, బాగానే ఉంది."
రాత్రి ఏమేం జరిగిందని అడుగుదామని నోరు తెరిచాను.
కిటికీ అవతల ఇంకా చీకటి.
దుప్పటి వెచ్చగా ఉంది.
"సరేలే" అని
అటు తిరిగి పడుకున్నాను.