నాలుగో మీట

కెమిలో నవంబరు.
మధ్యాహ్నం రెండున్నరకే సూర్యుడు దుకాణం కట్టేస్తాడు.
ఆ తర్వాత మా ముందుగదిలో వెలిగేవి
ఓవెన్ గడియారం, నా అల్లిక దీపం,
తైస్తో పెంచుకున్న పెట్టెల కళ్లు.

అయిదు రిమోట్లు ఉండేవి అప్పుడు.
ప్రొజెక్టర్‌కొకటి, ఆంప్లిఫయర్‌కొకటి, డిస్కుల పెట్టెకొకటి,
తను చేత్తో బిగించిన కంప్యూటర్‌కొకటి.
అయిదోది దేనిదో ఇద్దరికీ తెలీదు,
పారేస్తే ఏదో ఆగిపోతుందని భయం.

బల్లకి కాగితం అంటించాడు: పదకొండు మెట్లు.
ముందు ప్రొజెక్టర్. నీలం దీపం కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టు.
తర్వాత ఆంప్లిఫయర్. మూడో దారి, నాలుగోది కాదు.
తర్వాత కంప్యూటర్ని లేపు, గట్టిగా నొక్కకు, దానికి కోపం.
ఏడో మెట్టు దగ్గర నేనెప్పుడూ జారిపడేదాన్ని.
బొమ్మ వస్తే మాట రాదు,
మాట వస్తే బొమ్మ రాదు.
ఒక సాయంత్రమంతా నీలి గోడ ముందు కూచుని
ఎవరో ఎవరినో ముద్దు పెట్టుకుంటున్న చప్పుడు విన్నాను.
సూపు జుర్రుతున్నారేమో, ఏమో.

ఇరవయ్యేడేళ్లు మంచు పగలగొట్టే ఓడలో ఎలక్ట్రీషియన్ తను.
సముద్రాన్ని చీల్చే యంత్రానికి ఆరు మీటలు చాలేవట.
"మరి సినిమాకి?" అన్నాను.
గుచ్చుకున్నట్టుంది.
మర్నాడే ఇల్లంతా సోల్డరింగ్ వాసన.

తెర కింద బఠానీ గింజంత కన్నొకటి పాతాడు.
కొత్త రిమోట్ తెప్పించి, పాతవాటికెదురుగా పడుకోబెట్టి
ముక్కుకు ముక్కు ఆనించి ఓనమాలు దిద్దించాడు.
పాతది ఒక మాట మెరుస్తుంది, కొత్తది అప్పజెబుతుంది,
తప్పితే మళ్లీ మొదటికి.
ఆ వెలుగు మన కళ్లకి ఆనదు.
ఫోన్ కెమెరాలోంచి చూపించాడు:
ఊదారంగు మిణుగురు, ఒక్క క్షణం.
"మాట్లాడుకుంటున్నాయి" అన్నాడు గుసగుసగా,
పసిపిల్లలు నిద్రపోయే గదిలోలాగా.

కొత్తదానికీ నలభై ఎనిమిది మీటలు.
కత్తితో ఒక్కొక్కటే కోసేస్తూ
"నీకేం కావాలి?" అన్నాడు.
పెళ్లయి ముప్పైతొమ్మిదేళ్లు.
కుర్చీలు కొన్నప్పుడు, పడవ అమ్మినప్పుడు,
గోడలకి ఈ ఆకుపచ్చ వేసినప్పుడు
ఆ ప్రశ్న మా గడప తొక్కలేదు.
అల్లిక కింద పెట్టాను.
"మొదలు. ఆగు. చాలు."
మూడేనా అన్నట్టు చూశాడు,
మిగతా ప్రపంచాన్నంతా దుకాణానికి తిరగ్గొట్టానన్నట్టు.

మూడు మీటలు, చుట్టూ నల్ల టేపు.
'మొదలు' మీద నా పాత కోటు గుండీ అతికించాడు,
చీకట్లో వేలికి తెలియాలని.
నొక్కాను.
పదకొండు మెట్లూ ఒక్క గంతులో ఎక్కేసింది ఇల్లు.
దీపాలు తగ్గాయి, తెర దిగింది,
గుర్రాలొచ్చాయి.
గుర్రాలు కావు, ఉరుములు.
నా కాఫీ సాసర్లో వణికింది.
కింది వాటాలోంచి ఐలీ చీపురుకర్రతో పొడిచింది.

ఎందుకింత చప్పుడని అడగబోయి
తనవైపు చూశాను.
ముందుకి వంగి, కుడిచెవి తెరకి తిప్పి
ఇంకా మాటలు వెతుక్కుంటున్నాడు.
ఇరవయ్యేడేళ్ల మంచు, ఇంజను పక్కన.
అరవైరెండు దగ్గర ధ్వని నిలిపి
నా గుండీ కిందే దాచాడు,
కాగితంలో లేని పన్నెండో మెట్టు.

'ఆగు' నొక్కాను.
గుర్రమొకటి నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి నిలబడిపోయింది.
"ఇంకో మీట కావాలి."
"మూడు చాలన్నావుగా."
"మాటలు కింద అక్షరాల్లో పడాలి. వీళ్ల యాస నాకర్థం కావట్లేదు."
అది సవో యాస. మా అమ్మది సవో.
తనకి తెలుసు.
చాలాసేపు రిమోట్ని తిప్పి తిప్పి చూశాడు.
"పనుంది దీన్లో" అన్నాడు. "గురువారానికవుతుంది."

శుక్రవారమైంది.
నాలుగో మీట మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క,
నాదే, అడక్కుండా తీశాడు.
ఇప్పుడు ముప్పైనాలుగు దగ్గర
గుర్రాలు గుర్రాల్లాగే నడుస్తాయి.
తను చదువుతాడు. పెదాలు కదులుతాయి.
నవ్వు నాకంటే కాస్త ముందే వస్తుంది తనకి,
మాటకంటే అక్షరం ముందు పడుతుంది కదా.

పాత రిమోట్లన్నీ బ్యాటరీలు తీసి సొరుగులో.
దేనిదో తెలియని దానికి మాత్రం
నేను తీయనివ్వలేదు.