ఏలుముద్ర

బ్యాంకు పిలగాడు మూడుసార్లు తుడిపిచ్చిండు బొటనేలు,
కొంగుతోని ఒకసారి, తడిగుడ్డతోని ఒకసారి,
ఆఖర్కి తన రుమాలు తీసి తనే తుడిచిండు.
మిషినుకు పట్టలేదు.
"అవ్వా, నీ ఏలు మీద గీతలే లేవు" అన్నడు.
"ఎప్పుడుండె బిడ్డా" అన్నది మా అత్త అండాలు.
నవ్వలేదు గూడ.

ఏటా కార్తీకంల చండూరు పోవుడు,
బతికే ఉన్నదని రాసిచ్చి వచ్చుడు.
ఆ కాయితం లేకుంటె
మామ పేరు మీది పించిని ఆగుతది.
పదకొండు వందల చిల్లర.
ముప్పై మూడేండ్ల బొగ్గు,
పదకొండు వందల చిల్లర.

పెండ్లప్పుడు చెప్పిన్రంట,
"పిలగాడు బాయి పని చేస్తడు" అని.
మా దిక్కు బాయంటె మోట, గిరక, కింద వరిమడి.
పదారేండ్ల పిల్ల మనసుల అనుకున్నదంట:
పొద్దెక్కినంక సద్ది తీస్కపోత,
ఆయన గట్టు మీద కూసోని తింటుంటె
నేను నీళ్లల్ల కాళ్లేస్కోని కూసుంట.
కొత్తగూడెంల రైలు దిగినంక తెల్సింది
ఆ బాయిల కాళ్లేసే నీళ్లుండయని,
సద్ది ఇంటికాన్నే కట్టియ్యాలెనని,
గట్టు లేదని.

గడియారం లేదు ఆ ఇంట్ల.
సైరను కూస్తె లేచింది, కూస్తె పొయ్యి ముట్టిచ్చింది,
మొదటి షిఫ్టుకు రొట్టె, రాత్రి షిఫ్టుకు అన్నం పచ్చిపులుసు.
ఈదయ్య మామ ఇంటికొస్తె
కండ్లు, పండ్లు తప్ప మనిషి కనవడకపోయేది.
ఆ అంగీలు, ఆ లాగులు
సోడా ఏసి నానవెట్టి బండ మీద రుద్దితె
నల్లనీళ్లు మోరి దాటి
కొంరమ్మోళ్ల క్వార్టరు ముంగటికి పోయేటియంట.
కొంరమ్మ ఉతికిన నీళ్లు ఈమె వాకిట్లకొచ్చేటియి.
దానికే ఇద్దరు కొట్లాడేటోళ్లు.

ఏళ గాని ఏళ కూత మోగితె
చేతిల ఏదుంటె అది పట్టుకోనే ఉరికేది.
ఒకసారి అట్లకాడ.
ఒకసారి సగం తానం చేసిన పిలగాడు,
ఇప్పుడు నా మొగడు.
ఒంటి మీది సబ్బు ఆరి చర్మం గుంజేదాక
గేటు కాడనే నిలవడ్డరు తల్లీకొడుకులు.
పేర్లు సదివిన్రు.
కొంరమ్మ మొగని పేరొచ్చింది.
ఈదయ్య పేరు రాలేదు.
"నాకు సంబురమయింది సూడు, ఆ ఒక్క గడియ"
అనేది అత్త, చాటల బియ్యం చెరుగుకుంట,
నలభై ఏండ్ల తర్వాత.
నేను బదులు చెప్పకపోయేదాన్ని.
ఆమె గూడ అడగకపోయేది.

నౌకరి ఒడిసినంక మా ఊరికొచ్చిన్రు.
తక్కువ ఎత్తు పొరల్ల పని చేసి చేసి
మామ అప్పటికే వంగినోడు.
బోరు నీళ్లు తాగి తాగి అత్త వంగింది.
ఆఖరి ఏండ్లల్ల ఇద్దరిది ఒకటే ఎత్తు,
భూమి మీద ఏదో పోగొట్టుకున్నోళ్ల లెక్క
వాకిట్ల నడిచేటోళ్లు.

మామ పోయినంక గూడ
నడిజాముకు లేచి నీళ్లు కాగవెట్టేది.
"ఎవలికత్తా?"
"ఏమోనే. పొయ్యి ఉన్నది గద."
పొద్దుగాల ఆ గోరువెచ్చని నీళ్లు
నేనే పోస్కుంటుంటి.
ఇప్పుడు చెప్పుకుంటె సిగ్గయితది గాని
నా పెండ్లయినంక
నా కోసం ఎవలన్న కాగవెట్టిన నీళ్లు అవే.

మిషిను సంగతి చెప్పలే గద,
ఏలు పట్టలేదని ఆ పొద్దు కన్ను చూపియ్యమన్నడు.
మోతిబిందు తీసిన ఎడమ కన్ను.
అండ్ల దొరికింది అత్త.
పిలగాడు "బతికే ఉన్నవవ్వా" అన్నడు గట్టిగ,
లైన్ల నిలవడ్డోళ్లంత నవ్విన్రు.
ఆమె మాత్రం కొంగు సవరించుకోని
"ఎవలికి చెప్తవు బిడ్డా" అన్నది.

ఈ కార్తీకంల నేనొక్కదాన్నే పోయిన,
వేరే కాయితం పట్టుకోని.
అదే పిలగాడు.
అలవాటుకు రుమాలు తీసిండు,
కాయితం చూసి మళ్ల జేబుల పెట్టుకున్నడు.
దీనికి ఏలుముద్ర అక్కర లేదన్నడు.

వచ్చేటప్పుడు బస్సు కిటికీలకెల్లి చూసిన,
ఎవలిదో బాయి,
మోటారు నిండుగ పోస్తున్నది.
గట్టు మీద ఎవలు లేరు.
దిగుదామనుకున్న.
టికెటు ఊరి దాక తీస్కున్న గద అని
కూసున్న.