పాత తలుపు మీద దేవరకద్ర

రెండు స్టూళ్ల మీద పాత తలుపు పరిచిన.
గడియ పడే బెజ్జం అట్లనే ఉంచిన.
బోరుబాయి అనుకుంటే అయిపాయె.

రైలు కురుమూర్తి జాతరల కొన్నది,
ఇంజనొకటి, డబ్బాలు మూడు.
దానికైన ఖర్చే ఖర్చు.
మిగిలిన దేశమంత
నా వైండింగు షాపు చెత్తబుట్టల నుంచి లేచింది.

కాలిన మోటరు విప్పితే
తల దువ్వినప్పటి ఎంట్రుకలలెక్క
చేతికొస్తది రాగితీగ.
ఇరవై పోగులు మెలేసి
కింద వేర్లు, పైన కొమ్మలు ఇడదీస్తే
తుమ్మచెట్టు.
జిగురు పూసి, ఎండబెట్టిన చాయపత్తిల దొర్లిస్తే
ఎండకాలం తుమ్మచెట్టు.
పచ్చరంగు కలిపిన రంపపుపొట్టుల దొర్లిస్తే
ఆగస్టు.
ఆగస్టు చెట్లు రెండే చేసిన.
పచ్చరంగు డబ్బీ నలభై రూపాయలు.

ఒక్కో చెట్టుల ఒక్కొక్కరి మోటరుంది.
ప్లాట్‌ఫారం కొసకున్నది కుర్మయ్యది,
ఐదు హెచ్‌పీ, మూడుసార్లు కాలింది.
గేటు పక్కన వంగినది సవారమ్మది.
పైసలియ్యలే, చింతపండిచ్చింది.

మన్ను కొంటరా ఎవరన్న?
కుర్మయ్య చేనుల నాలుగో బోరు
నాలుగువందల యాభై అడుగులు పోయి
తెల్లటి పొడి కక్కి ఊకున్నది.
ఆ పొడి సంచెడు అడిగిన.
"తీస్కపో, దీనికైన పైసలకు
నీకు అసలు రైలే వస్తుండె" అన్నడు.
చాయ జల్లెడల పోసి ఆడిస్తే
పైన మిగిలింది పట్టాల కింద కంకర,
కింద రాలింది బండ్లబాట.

కొత్తగుంటే అబద్ధం కొడ్తది.
మేకులు నానేసిన తుప్పునీళ్లు
డబ్బాల అంచులకు అద్దిన.
స్టేషను గోడ మూలకు
పాన్‌డబ్బా సలీంను అడిగి కాసు బొట్టు పెట్టిన.
బోర్డు మీద ఊరిపేరు మూడు భాషలల్ల రాసి
ఒక అక్షరం గోరుతోటి గీకిన.
అగరుబత్తి పుల్లలే కరెంటు స్తంభాలు.
తీగ మాత్రం కొంచెం జారి ఏలాడాలె.
బిర్రుగ గుంజిన తీగ
మన దిక్కు ఏడుంది?

వేరుశనగ పొట్టు గుట్ట కిందికి గుండ్లయింది.
దువ్వెన పండ్లు ఇరగ్గొడితే
ప్లాట్‌ఫారం కంచె అయింది.
చినిగిన గొడుగుబట్ట
చాయ హోటలు మీద కప్పయింది.

ఒక్కటే తప్పు చేసిన.
బ్రిడ్జి కింద వాగుల
నీలం కలిపి వార్నిషు పోసిన.
మూడు రాత్రులు ఆరింది.
అద్దంలెక్క మెరిసింది.
అందరికి చూపిచ్చిన.

మోటరు తీస్కపోను వచ్చిన ఉశేనప్ప
గొంగడి భుజం మీదికి ఎగేసుకొని
కూసొని
కండ్లు పట్టాల ఎత్తుకు తెచ్చిండు.
చానసేపు చూసిండు.
కుర్మయ్య మోటరేదని అడిగిండు, చూపిన.
గేటు చూసిండు, గేటుకాడ ఆగిన ఆటో చూసిండు.
వాగుకాడికొచ్చి ఆగి
"ఇది ఏ ఊరు?" అన్నడు.

ఆ రాత్రే ఉలి తీస్కొని
వార్నిషు చెక్కులు చెక్కులుగ లేపిన.
డబ్బీకి పెట్టిన తొంభై రూపాయలు
చీపురుతోటి ఊడ్చిన.
గడ్డకున్న ఇసుకే జల్లెడ పట్టి పోసిన.
ఇసుకల పుల్లతోటి అడ్డంగ దారి గీసిన,
ఊరోళ్లు నడిచి నడిచి పడ్డదారి.
నడుమ ఏలు గుచ్చి గుంత చేసిన.
డబ్బీ అడుగున మిగిలిన వార్నిషు
ఒక్క సుక్క అండ్ల ఇడిచిన.

చెలిమె.

మళ్ల వారం ఉశేనప్ప వచ్చిండు.
మోటరు మళ్ల కాలింది, అది వేరే ముచ్చట.
వాగు చూసిండు. ఏమనలే.
గొంగడి అంచున ఒక ఉన్నిపోగు పీకి
రెండేళ్ల నడుమ పెట్టి గుండ్రంగ నలిపి
చెలిమె పక్కన ఇసుకల పెట్టిండు.

"గొర్రెకు కాళ్లు లేవు గద" అన్న.
"పండుకున్నది తియ్" అన్నడు.

స్విచ్చేసిన.
రైలు బ్రిడ్జి మీదికెల్లి మూడుసార్లు పోయింది.
గొర్రె లేవలే.