పనిచెయ్యని చెవి

సిరొంచల నా దుకాణానికి మూడు కంప్యూటర్లు,
ఒక ఇన్వర్టరు, మరాఠీల రాసిన బోర్డు.
లోపలికొచ్చినోళ్లు తెలుగే మాట్లాడుతరు,
ఫారాలు మాత్రం మరాఠీల నింపిచ్చుకుంటరు.

ఆ శ్రావణంల ప్రాణహిత
ఒడ్డు మీదికెల్లి పత్తి చేన్లల్లకొచ్చింది.
పడవను మద్దిచెట్టుకు గొలుసేసి
నడిపేటోడు తాళంచెవి మొలతాడుకు కట్టుకొని పండుకున్నడు.

బుచ్చుబాయి వచ్చింది. మోకాళ్ల దాక బురద.
చేతిల తంబాకు డబ్బా, అండ్ల మేనకోడలి మట్టెలు.
"అవతల పెండ్లి. పదకొండుంబావుకు లగ్గం.
నీ మిషిన్లకెల్లి మాట పోతదంటగదా, పైసలు లేకుంట?"

పోతది.
బ్రౌజరు తెరిచి ఇంటి నంబరు కొట్టుడే.
మిషినుకు రోజుకు మూడు కాల్లు, కాలుకు రెండు నిమిషాలు.
ముందుగాల ఎవరో ఇంగ్లీషామె సబ్బు గురించి చెప్తది,
అది వినాలె. అదే కిరాయి.
ఏరవతలికి మామూలు ఫోనైతే ఎస్టీడీ,
రాష్ట్రం మారుతది మరి.
నడిమిట్ల నీళ్లల్ల గీత ఉన్నదంటరు,
చాపలకెరుక.

హెడ్‌ఫోనుల ఎడమ చెవి చచ్చి ఏడాదైంది.
కుడిది పెట్టిన. ఎడమదాన్ని
ఆమె కొప్పు మీదికి జరిపిన.

ఒక పిలగాడు ఎత్తిండు.
"నంబరు మొత్తం సున్నలే ఉన్నది, ఎవలు?"
"నేనురా, సిరొంచ అత్తను."
"అత్త రాలే. ఏరొచ్చింది."
పెట్టేసిండు.

రెండోసారి అన్న.
ఆమె ఒక మాటంటది,
అది ఏ దేశంల తిరిగి ఏ సముద్రం కింద దూరి వస్తదో,
వచ్చేలోపల ఆయన ఇంకోటంటడు.
"మట్టెలు" "తిన్నవా"
"మట్టెలు నా కాడనే" "యాడికెల్లి చేస్తన్నవ్"
ఇద్దరూ ఆగిండ్రు.
ఇద్దరూ ఒక్కపారే మళ్ల మొదలువెట్టిండ్రు.
రెండు నిమిషాలూ అట్లనే ఒడిసినయి.

మూడోసారి ఆయనకు ఉపాయం తట్టింది.
"మాట్లాడకు చెల్లె. ఫోను కిటికీల పెడ్తన్న. విను."

బుచ్చుబాయి విన్నది.
నాకేం వినపడది, ఆమె మొఖం చూస్తన్న.
డోలు అన్నది. బాపనాయన దగ్గు అన్నది.
ఎవరో గ్లాసులు కింద పడేసిండ్రన్నది.
ఉన్నట్టుండి ఉలిక్కిపడి
"ఔటు కాల్చిండ్రు!" అన్నది.

నేను బయటికి చెవి పెట్టిన. ఏం లేదు.
వాన చుక్కలు, రేకు మీద.
అప్పుడు ఏటి దిక్కుకెల్లి, నిమ్మళంగ,
ధన్‌మని.

ఆమె నా దిక్కు చూసింది, ఏదో మోసం చేసిన తీరు.
"రెండు కాల్చిండ్రా?"
"ఒక్కటే బాయి."

ఇంకోటి. ఈసారి వేలు లేపి చూపెట్టింది.
ఒకటి, రెండు, మూడు లెక్కవెట్టిన.
ధన్.
లోకమంత తిరిగొచ్చిన చప్పుడు కుడి చెవులకు ముందొచ్చింది.
కిలోమీటరున్నర నీళ్ల మీదికెల్లి
తిన్నగ వచ్చేది ఎనకబడ్డది.
నేను పదో తరగతిల సైన్సు తప్పినోన్ని,
ఆమెకేం చెప్పాలె?
ఆమె అడగనూ లేదు.
కుడి చెవిని అరచేత్తోని ఒత్తుకున్నది,
ఎడమ చెవి మీది కొంగు తీసేసింది.

ఇంకొక వేలు లేపింది.
లేపినంతలనే కాలు కట్టయింది.
తెర మీద మళ్ల సబ్బు.

చప్పుడింకా ఏటి మీదనే ఉన్నది,
వస్తన్నది.
ఇద్దరం కిటికీ దిక్కు తిరిగి నిలబడ్డం.
బీడీ ముట్టిచ్చుకోబోయినోన్ని అగ్గిపుల్ల గీకకుంట ఆగిన.

వచ్చింది.

బుచ్చుబాయి డబ్బా మూత తీసి మట్టెలు చూసి
మళ్ల మూసింది.
"ఇంకెన్నున్నయి?"
"రెండు మిషిన్లు. ఆరు కాల్లు."
"ఎవలకూ ఇయ్యకు. పొద్దూకినంక అప్పగింతలు."

మిగిలిన రెండింటి మీద తువ్వాల కప్పిన.
ఎవరో పిలగాడు రిజల్టు చూడాలన్నడు.
నెట్టు లేదన్న.