ఏడిళ్లు

కంటోన్మెంటులో భానోజీ గారి మేడ మీద
పదకొండు బోన్లకి తొడుగులు కుట్టాను, చలికాలం ముందు.
కూలి రెండువేల నాలుగొందలు.
నాలుగు నెలలు తిప్పి తిప్పి
ఒక బోను తలుపు తీసి
"దీన్ని పట్టుకుపో సన్యాసమ్మా" అన్నాడు.

పర్షియన్. ఆరేళ్లది. పొగరంగు.
కాయితం మీద దాని పేరు నా మెడలో టేపంత పొడుగు,
కింద మూడు తరాల తాతమ్మలు, తాతలు.
నాకైతే మా తాత పేరు దగ్గరే దారం తెగిపోద్ది.
ఆ కాయితం మాత్రం ఇవ్వనన్నాడు.
ఆపరేషన్ అయిపోయింది, ఇంక ఈనదు,
ఈననిదానికి వంశం దేనికి?

అయిదు ఈతలు. పందొమ్మిది పిల్లలు.
కళ్లు తెరిచి, పాలు మరిచి
రాయపూర్ రైలెక్కినవి కొన్ని,
విశాఖ కార్లలో పోయినవి కొన్ని.
భానోజీ గారు తారీఖులతో సహా నోటుబుక్కులో రాసుకున్నాడు.
దీనికి నోటుబుక్కు లేదు.

బుట్ట మూత బిగిస్తుంటే ఆయన గొంతు పూడింది.
"ఆడపిల్లని పంపుతున్నట్టుంది" అన్నాడు.
"అప్పగింతలు కావు బాబూ, బాకీ" అన్నాను.
ఆటోలో మయూరి జంక్షన్ దాకా
ఆ మాట నన్నే గుచ్చింది,
బొత్తాం కుడుతుంటే వేల్లో దిగిన సూదిలా.
ఎందుకంటే ఆయన రాసిచ్చిన చీటీ నా చేతిలో ఉంది:
పెరుగు ముట్టదు.
ఫ్యాను చప్పుడైతే తినదు.
ఎడమ చెవి వెనక గోకాలి, కుడిది కాదు.
మాట్లాడుతూ ఉండండి, ఏదో ఒకటి.

"ఏటే, ఇది పిల్లా, సవరమా?" అంది ఎదురింటి దాలమ్మ.
"ఎలకల్ని పడతాదేటి?"
ఎలకల సంగతి దేవుడెరుగు,
గోడ మీద బల్లిని చూసి ఇదే మంచం కింద దూరింది.
వాకిట్లో మట్టి మీద కాలు పెట్టి, వెంటనే ఎత్తి
తడిగుడ్డ జాడించినట్టు జాడించింది.
ఆరేళ్ల ప్రాణికి మట్టి అదే మొదలు.
వాన చినుకు ముక్కు మీద పడితే
నా వైపు చూసింది, ఎవరు కొట్టారన్నట్టు.

తొమ్మిది రోజులు మిషను కిందే, తొక్కుడు పలక వెనక.
తొక్కకుండా ఎలా కుట్టను? చేత్తో కుట్టాను.
పెళ్లిళ్ల రోజులు, జాకెట్లు ఆలస్యమై మాటలు పడ్డాను.
చీటీలో చెప్పినట్టే మాట్లాడుతూ ఉన్నాను
కాజాల గురించి, కరెంటు బిల్లు గురించి,
చంక దగ్గర బిగుతైందని నన్ను తిట్టే మాస్టరమ్మ గురించి.
ఒక చెవి ఇటు తిప్పేది.
ఎడమది.

పదో రాత్రి కరెంటు పోయింది.
ఫ్యాను ఆగిన నిశ్శబ్దంలో ఒక గొంతు.
మ్యావ్ కాదు, అంతకన్నా లోపలిది,
రండర్రా, బేగి రండి అన్నట్టు.
సెల్లు లైటు వేసి చూస్తే
నోట్లో గులాబీ రంగు దారపు ఉండ,
మెడ పట్టి ఎత్తినంత మెత్తగా, ఒక్క పన్నూ దిగకుండా.
మంచం కింద పెట్టింది. వాసన చూసింది. నచ్చలేదు.
బియ్యం డబ్బా వెనక. అదీ నచ్చలేదు.
పాత గుడ్డల మూట, గొడుగు సందు, నా చెప్పులు...
వెనకాలే దారం గదంతా గీసుకుంటూ పోతోంది.

పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు.
దీనికి తిప్పడానికి ఇల్లేదీ, రెండడుగుల బోను.
పందొమ్మిదింటినీ ఎవరెవరో తిప్పేశారు.
మా ఇంట్లో గదులు ఒకటిన్నర.
ఏడు మూలలు ఎక్కడ తేవాలో తెలీక
లేచి బీరువా తలుపు ఓరగా తీసిపెట్టాను.

తెల్లారి మాస్టరమ్మ జాకెట్టుకి ఆ దారమే కావాలి.
బీరువా కింది అరలో, రేషను కార్డు మీద ఉంది,
దాన్ని చుట్టుకుని పొగరంగు ముద్ద,
ఒక కన్ను మూసి, ఒక కన్ను నా మీద.

ఒగ్గేయ్ అనుకున్నాను.
కోట జంక్షన్ దాకా నడిచి
అదే రంగు ఇంకో ఉండ కొన్నాను, పదిహేను రూపాయలు.
భానోజీ గారి ఖాతాలో రాద్దామా అనిపించి
ఊరుకున్నాను.